గంజాయి, వేప్, మాత్రలు: అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో దిగిన కొద్ది రోజులకే ఎవరో ఒకరు చెబుతారు, "ఇక్కడ గంజాయి లీగలే" అని. సగమే నిజం. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లో, కాలిఫోర్నియా 2016లో, న్యూయార్క్ 2021లో 21 ఏళ్లు నిండినవాళ్లకు అనుమతిచ్చాయి. కానీ 1970లో వచ్చిన ఫెడరల్ చట్టం, కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్, దాన్ని ఇంకా ఆంక్షల జాబితాలోనే ఉంచింది. మనకు వీసా ఇచ్చింది రాష్ట్రం కాదు, ఫెడరల్ ప్రభుత్వం. సిటిజన్ అయిన క్లాస్‌మేట్‌కు ఏమీ కాని పని మన వీసాకు ఎసరు పెట్టొచ్చు. లైసెన్సున్న షాపులో కొన్నాననే రసీదు ఇమిగ్రేషన్ ఆఫీసర్ దగ్గర పనికిరాదు. ఆ షాపుల్లో ఉద్యోగం జోలికీ పోవద్దు.

రాష్ట్రం మారితే శిక్షలూ మారతాయి. టెక్సస్‌లో రెండు ఔన్సుల లోపు గంజాయి దొరికితే మిస్‌డెమీనర్, అంటే చిన్న నేరం; 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు జరిమానా. అదే గంజాయి నుంచి తీసిన టీహెచ్‌సీ (మత్తునిచ్చే పదార్థం) నూనె ఉన్న వేప్ పెన్ (ఆవిరి పీల్చే ఈ-సిగరెట్) దొరికితే, గ్రాము లోపైనా ఫెలనీ, అంటే పెద్ద నేరం. టీహెచ్‌సీ కలిపిన గమ్మీలైతే (జెల్లీ మిఠాయిలు) వాటిలోని చక్కెర బరువు కూడా కలిపే తూస్తారు. కాలిఫోర్నియా ట్రిప్ నుంచి "సరదాగా ఒక ప్యాకెట్" తెచ్చుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

జేబులో దొరికితేనే కేసు అనుకోవద్దు. అది అక్కడుందని తెలిసి, దానిమీద మీకు అదుపు ఉందని ప్రాసిక్యూటర్ (ప్రభుత్వ లాయర్) చూపించగలిగితే చాలు. కారులో నలుగురు వెళ్తున్నారు, ముందు సీట్ల మధ్య పెట్టెలో ఒకరి వేప్ పెన్ ఉంది. పోలీసు ఆపి, "ఒకసారి చూడొచ్చా?" అని మర్యాదగా అడుగుతాడు. అది ఆర్డర్ కాదు, అనుమతి అడగడం. "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సర్చ్" (వెతకడానికి నేను ఒప్పుకోను) అని నెమ్మదిగా చెప్పండి. అయినా వెతికితే అడ్డుపడకండి, వాదన లాయర్ కోర్టులో చేస్తాడు.

మాత్రల విషయం చాలామంది పట్టించుకోరు. ఆల్ప్రజోలమ్ (ఆందోళనకు), ట్రమడాల్ (నొప్పికి), జోల్పిడెమ్ (నిద్రకు) ఇక్కడ ఫెడరల్ ఆంక్షల జాబితాలో షెడ్యూల్ 4 అనే విభాగంలో ఉన్నాయి. ఇంటి నుంచి తెచ్చుకుంటే అసలు ప్యాకింగ్‌లోనే, మీ పేరున్న ప్రిస్క్రిప్షన్‌తో, మీ వాడకానికి సరిపడా మాత్రమే తెచ్చుకోండి. పరీక్షల ముందు రూమ్మేట్ దగ్గర ఆడరాల్ (ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే మందు) మాత్ర తీసుకోవడం మామూలే అనిపిస్తుంది. అది ఇంకా కఠినమైన షెడ్యూల్ 2 మందు. డబ్బు తీసుకోకుండా ఇచ్చినా చట్టం దృష్టిలో పంపిణీయే. పుచ్చుకున్నవాడిది పొసెషన్ (దగ్గర ఉంచుకున్న నేరం), ఇచ్చినవాడిది అంతకన్నా పెద్ద నేరం.

అరెస్టయితే పేరు, పుట్టినతేదీ చెప్పి, లాయర్ కావాలని అడిగి, ఆపై మౌనంగా ఉండండి. భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు కూడా ఉంది. జైలు ఫోన్లో ఇంటికి కాల్ చేస్తే కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడకండి. ఆ కాల్స్ రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే అర్థం కాదనుకోవడం అమాయకత్వం.

అసలు ప్రమాదం కోర్టులో, అదీ కేసు తేలిగ్గా తీరిపోతున్నట్టు కనిపించేటప్పుడే. "ఒప్పుకో, జైలు ఉండదు, ఏడాది ప్రొబేషన్ (జైలు బదులు షరతులతో నిఘా), తర్వాత కేసు కొట్టేస్తారు" అంటారు. ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది, సంతకం పెట్టేస్తారు. టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ (తీర్పును వాయిదా వేయడం) ఇలాంటిదే. రాష్ట్రం లెక్కలో అది శిక్షపడిన కేసు కాదు. ఇమిగ్రేషన్ చట్టంలో మాత్రం నేరం ఒప్పుకుని ప్రొబేషన్ లాంటి ఏ షరతు పడినా అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు గంజాయితో ఒక్కసారి దొరికినవాళ్లను దేశం నుంచి పంపే సెక్షన్ నుంచి మినహాయించారు. కానీ ఆ మినహాయింపు తిరిగి వచ్చేటప్పుడు వర్తించదు; పెళ్లికో పండగకో ఇంటికెళ్లినవాళ్లకు కొత్త వీసా స్టాంపింగ్ దగ్గర చిక్కొస్తుంది.

అందుకే ప్లీ (నేరం ఒప్పుకునే కాగితం) మీద సంతకానికి ముందే క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌కూ కాగితాలు చూపించండి. ప్లీ వల్ల దేశం నుంచి పంపేసే ముప్పు ఉంటే చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యతేనని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అడక్కుండా ఊరుకోవద్దు.

కేసు కొట్టేసినా క్లర్క్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువీకరించిన పత్రం) కాపీలు తీసుకుని దాచుకోండి. వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో శిక్ష గురించే కాదు, అరెస్టు గురించి కూడా అడుగుతారు.