కుక్క తిరిగే తోటను సిద్ధం చేసుకోవడం

ఇంట్లో కుక్క ఉన్నప్పుడు తోటలో ముందుగా చూడవలసినది పూల అందం కాదు, దాని నోటికి అందే ఎత్తులో ఏయే మొక్కలు ఉన్నాయన్నది. గన్నేరులో ఆకు, పువ్వు, కాండం అన్నీ విషమే. అవి గుండె లయను దెబ్బతీస్తాయి. చిన్న ఈతచెట్టులా కనిపించే అలంకార మొక్క సైకస్ మొత్తం ప్రమాదకరమే అయినా, దాని గింజలు మరీ తీవ్రంగా కాలేయాన్ని పాడుచేస్తాయి. ఈ రెండింటికీ కంచె కట్టడం కన్నా వాటిని వేళ్లతో సహా తీసివేయడమే మేలు, ఎందుకంటే కుక్కపిల్ల ఆ కంచెను కూడా కొరికి చూస్తుంది. వాటి స్థానంలో జీనియా, పొద్దుతిరుగుడు నిశ్చింతగా పెంచుకోవచ్చు.

మొక్కల కన్నా ఎరువుల విషయంలోనే చాలామంది పొరబడతారు. ఎముకల పొడి వేసిన పాదు దగ్గర కుక్క ముక్కు మట్టికి ఆనించి, కాసేపు వాసన పీల్చి, ముందుకాళ్లతో తవ్వడం మొదలుపెడుతుంది. అదే చోట ఆముదపు పిండి కలిసి ఉంటే ప్రాణం మీదికి రావచ్చు. చాక్లెట్‌లో ఉండే, కుక్కలకు విషమైన థియోబ్రోమిన్ కోకో పొట్టులోనూ ఉంటుంది కనుక ఆ పొట్టును పాదులపై పరచకూడదు. నత్తల మందులోని మెటాల్డిహైడ్ వణుకు, మూర్ఛ తెప్పిస్తుంది.

తవ్వే అలవాటును మాన్పించడం కష్టం. నీడపట్టున ఒక ఇసుక గుంత ఏర్పాటు చేసి, అందులో బొమ్మలు పాతిపెడితే పూలపాదులు చాలావరకు బతికిపోతాయి. కుక్క రోజూ పరుగెత్తే దారిని వారం రోజులు గమనించి, అక్కడ మొక్కలు నాటకుండా బాటగా వదిలేయాలి.

ఏదైనా తిన్నదని అనుమానం వస్తే, సొంతంగా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ మొక్క ముక్కనో మందు డబ్బానో వెంట తీసుకుని వెంటనే పశువైద్యుని వద్దకు వెళ్లాలి.