పాత గేమ్‌బాయ్ ఆట కొనే ముందు

1989 నాటి గేమ్‌బాయ్‌కి, అంటే చేత్తో పట్టుకుని ఆడే ఆ నింటెండో ఆటయంత్రానికి, ఏ ఆట మేలన్న వాదన ఎప్పటికీ తెగదు. నా ఓటు టెట్రిస్‌కే. ఆ పచ్చటి తెరకు సొంత వెలుతురు లేదు, వేగంగా జరిగే బొమ్మలు అలుక్కుపోతాయి. టెట్రిస్‌లో మెల్లగా దిగే దిమ్మెలు మాత్రం చక్కగా కనిపిస్తాయి.

మీ ఓటు పోకెమాన్ రెడ్‌కో, జెల్డాకో అయితే పాత కార్ట్రిడ్జ్ (యంత్రంలో దూర్చే, ఆట ఉండే చిన్న డబ్బీ) కొనేటప్పుడు ఒకటి చూడండి. ఆట ఎక్కడ ఆపామో వాటికి గుర్తుండేది లోపలి బిళ్ల బ్యాటరీ దయవల్లే. అమ్మేవారి ముందే సేవ్ చేసి, ఆపేసి, కాసేపాగి మళ్లీ ఆన్ చేయండి. సేవ్ పోయిందంటే చాలావరకు బ్యాటరీ అయిపోయినట్లే, మొహమాటపడకుండా బేరమాడండి. కొత్తది వేయాలంటే టంకం పని తెలిసినవారు కావాలి. టెట్రిస్, సూపర్ మారియో ల్యాండ్‌లకు ఈ బెడద లేదు, వాటిలో బ్యాటరీయే ఉండదు.