గానుగ పెట్టాలనుకుంటున్నారా, ముందు చెక్క లెక్క చూసుకోండి

ఈమధ్య వారానికి ఒకరైనా ఫోన్ చేసి, అన్నా గానుగ పెడదామనుకుంటున్నా, మెషిన్ ఎక్కడ కొన్నావు అని అడుగుతున్నారు. మెషిన్‌దేముందండీ, డబ్బు కడితే కోయంబత్తూరు వైపు నుంచి లారీలో వచ్చి దిగుతుంది, రోలు రోకలి దిరిసెన కలపతోనో వేప కలపతోనో చేసిస్తారు. మునిగిపోయేది మెషిన్ దగ్గర కాదు కాబట్టి మిగతావి రాస్తున్నా. మా కర్నూలు వైపు బుడ్డల నూనె అంటాం, హైదరాబాద్ వాళ్లకి పల్లి నూనె, కోస్తా వాళ్లకి వేరుశనగ నూనె, మీరు ఏదన్నా సరే.

మొట్టమొదటిది, కిరాణా షాపులో రిఫైండ్ ప్యాకెట్ రేటుతో పోటీ పడదామని అనుకోకండి. మనం గానుగలో ఎంత తిప్పినా చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిండిలో, పదో వంతు నూనె, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉండిపోతుంది, పెద్ద ఫ్యాక్టరీ వాడు అదే చెక్కకి హెక్సేన్ అనే ద్రావకం పట్టించి ఒక శాతం అటూ ఇటూ మిగిలేదాకా లాగేస్తాడు. పైగా షాపులో ఆ ప్యాకెట్లలో సగం బయటి దేశాల నుంచి వచ్చిన పామాయిలు, సన్‌ఫ్లవర్, సోయా, వాటి రేటు ఢిల్లీలో దిగుమతి డ్యూటీ మారితే మారిపోతుంది. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద బేసిక్ డ్యూటీ 20 శాతం చేశారు, 2025 మే నెలాఖరుకి మళ్లీ 10కి దించారు, ఇందులో మన చేతిలో ఏముంది చెప్పండి.

ఇక లెక్క. లీటరు బుడ్డల నూనెకి రెండుంపావు నుంచి రెండున్నర కేజీల గింజలు పడతాయి. గింజలు కేజీ 120 అనుకుందాం, రెండున్నర కేజీలకి 300, కూలి కరెంటు కలిపి 30, సీసా లేబుల్ 25, మొత్తం 355 అయ్యింది. 380కి అమ్మితే మీకు మిగిలేది 25, అందులోనే షెడ్డు అద్దె, మెషిన్ కంతు కట్టాలి, కట్టలేరు. కానీ ఆ లీటరుతో పాటు దాదాపు కేజీన్నర దాకా చెక్క వస్తుంది కదా, కేజీ 40కి 1.4 కేజీలు అమ్మినా 56 రూపాయలు, అంటే 25 కాస్తా 81 అయ్యింది. అందుకే అంటున్నా, గానుగ పెట్టేముందు చుట్టుపక్కల గేదెలు ఎన్ని ఉన్నాయి, పాలకేంద్రానికి పోసేవాళ్లు ఎవరెవరు, చెక్క ఎంతకి కొంటారు అని ఒక నాలుగు రోజులు బండేసుకుని తిరగండి. నేను ఈ పని చెయ్యలేదు, మొదటి ఆరు నెలలు చెక్క గోతాల్లో మూలన పడేసి బూజు పట్టించుకున్నా. మన చెక్కలో నూనె ఎక్కువ ఉంటుంది కాబట్టి పశువులు ఇష్టంగా తింటాయి, ఆ మాట ధైర్యంగా చెప్పుకుని ఫ్యాక్టరీ చెక్క కంటే రెండు రూపాయలు ఎక్కువే అడగండి.

గింజల విషయం కొంచెం ఓపిగ్గా చదవండి, అసలు కష్టం ఇక్కడే. రిఫైనరీలో ముడి నూనె ఎలా ఉన్నా క్షారంతో కడిగి, రంగు తీసి, వాసన తీసి తెల్లగా చేస్తారు, మనకి ఆ వసతి లేదు, గింజలో ఏ లోపముంటే నూనెలోకి అదే వస్తుంది. ముఖ్యంగా వేరుశనగకి పట్టే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, కాలేయానికి చాలా చెడ్డది, కాచినా పోదు. గానుగ నూనె అంటే దానంతటదే ఆరోగ్యం అని చెప్పేవాళ్లు ఈ సంగతి ఎత్తరు. ఇంకోటి, ఆ విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, అది గేదె తింటే పాలల్లోకి వస్తుంది, అంటే మీరు చెక్క అమ్మిన ఇంటి పిల్లలే తాగుతారు. కాబట్టి మార్కెట్‌లో చవగ్గా వచ్చే ముక్కలు, ముడుచుకుపోయినవి, రంగు మారినవి కొనకండి, కుదిరితే రైతు దగ్గర కాయే కొనండి, చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమనాలి, అలా అనకపోతే ఇంకా ఆరలేదన్నట్టే. కాయ ఒలిచాక ఇద్దరు ఆడవాళ్లని పెట్టి ఏరించండి, ఆ కూలి దండగ అనుకోకండి. వానలో తడిసిన పంటయితే రేటు సగానికి ఇచ్చినా వద్దు. నూనెకి ఎక్కువ కాలం నిలవ కావాలంటే గిర్నార్-4, గిర్నార్-5 రకాలు వేసే రైతుల్ని వెతకండి, వాటి నూనెలో ఓలిక్ ఆమ్లం అనే కొవ్వు 80 శాతం దాకా ఉంటుంది, త్వరగా కంపు కొట్టదు.

ఆడించడం చూసి నేర్చుకునేదే, ఏదైనా గానుగ దగ్గర ఓ పది రోజులు ఊరికే పనిచేస్తే వచ్చేస్తుంది. నువ్వులకి కాస్త బెల్లం వేస్తారు, పిండి ముద్ద కట్టి నూనె విడిపోడానికి. బుడ్డలకి నీళ్లు చిలకరిస్తారు, చెయ్యి జారి ఎక్కువ పోశారంటే నూనె త్వరగా పాడవుతుంది. దిగిన నూనె స్టీలు డ్రమ్ముల్లో మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచి మడ్డి అడుక్కి పోయాక పైది గుడ్డలో వడకట్టండి. తొందరపడి మడ్డితో సీసాలో పోస్తే మొదట తిట్టేది మీ చుట్టాలే.

కాగితాలు పెద్ద కష్టమేం కాదు. చిన్నగా మొదలుపెడితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో అయిపోతుంది, వంటనూనె విడిగా డబ్బాల్లో కొలిచి అమ్మకూడదనే రూలు ఉంది కాబట్టి సీల్ వేసిన ప్యాకింగే చెయ్యండి. లేబుల్ మీద పేరు, అడ్రస్, ధర, తయారైన నెల, ఫిర్యాదుకి ఫోన్ నంబర్ ఉండాలి, పరిమాణం లీటర్‌తో పాటు బరువు కూడా వెయ్యండి, లీటరు నూనె 910 గ్రాములు తూగుతుంది. గుండెకి మంచిది, కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుంది లాంటి మాటలు మాత్రం రాయించొద్దు, నూనె లేబుల్ మీద అవి నిషేధం, ప్రింటింగ్ వాడు డిజైన్‌లో వాడే పెట్టేస్తాడు, చూసుకోండి. లోన్‌కి వెళ్తే చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం ఇంకా నడుస్తోందా అని అడగండి, ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు అందులో. బ్యాంకు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలి అనేది మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది.

అమ్మడానికి నేను చేసేది ఒకటే, ముందు ఆర్డరు తర్వాత ఆడించడం. రెండు మూడు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో నెలకి ఎన్ని లీటర్లు కావాలో 25వ తేదీకల్లా రాయించుకుంటా, దాన్ని బట్టే గింజలు కొంటా, నిలవ ఉండదు, తాజాగా వెళ్తుంది. కావాలన్నవాళ్లని షెడ్డుకి రమ్మని కళ్లముందే ఆడిస్తా, ఆ వాసనకి పక్కనున్నవాళ్లు కూడా ఒక లీటరు పట్టుకుపోతారు. ఎండాకాలం ఆవకాయల టైముకి నువ్వుల నూనె, అదే కోస్తా వాళ్లు పప్పునూనె అంటారే, దానికి ఎంత ఆడించినా చాలదు, మార్చిలోనే నువ్వులు కొనిపెట్టుకోండి. నువ్వుల చెక్క అయితే, తెలగపిండి అంటే అదే, పశువుల దాకా కూడా పోనివ్వకండి, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన నువ్వులు ఆడిస్తే తెలగపిండి కూరకి ఇళ్లల్లోనే కొంటారు, బాలింతలున్న ఇళ్లవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, రేటూ ఎక్కువే.

పెద్ద సూపర్‌మార్కెట్ వాళ్లు అడిగితే ఎగిరి గంతెయ్యకండి. ఓ చోట నేను 200 లీటర్లు వేశా, డబ్బులు మూడు నెలలకి వచ్చాయి, అమ్ముడుపోని 60 సీసాలు ఎండ పడే అద్దం పక్కన పెట్టి పెట్టి వెనక్కి పంపారు, అప్పటికే వాసన వచ్చేసింది, దీపాలకి ఇచ్చేశా. ఇప్పుడు ఎవరడిగినా 20 లీటర్లు, డబ్బు ముందే, వాపసు లేదు అంటున్నా, సగం మంది ఫోన్ పెట్టేస్తారు, మిగతా సగానికి వేస్తున్నా.