చేప మెదడును విప్పి చూడటం, అందులోని రసాయనాలను అర్థం చేసుకోవడం

కర్నూలు చేపల మార్కెట్‌లో బొచ్చె తలను పుర్రె పగలకుండా కోయించుకొని, దానిని ఒక రాత్రి స్పిరిట్‌లో ఉంచాలి, ఎందుకంటే తాజా మెదడు కత్తెర తగిలితేనే చితికిపోయేంత మెత్తగా ఉంటుంది. మరునాడు కళ్ల మధ్య నుంచి వెనక్కి పుర్రె పైకప్పును పలుచగా తొలగించి, లోపలి కొవ్వును నీటితో మెల్లగా కడిగివేయాలి. చిన్న ముందుమెదడు, దాని వెనుక చూపుకు సంబంధించిన దృక్‌ లంబికలు, వాటి వెనుక శరీర సమతుల్యతను చూసే అనుమస్తిష్కం కనిపిస్తాయి. వాటి పటం గీసుకోవాలి.

రసాయనాలు కంటికి కనిపించవు కనుక వాటి స్థానాలను ఆ పటంపైనే గుర్తించాలి, నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన పని ఇదే. నాడీకణాల మధ్య సందేశాలు మోసే డోపమైన్‌ను తయారుచేసే ముఖ్యమైన కణాలు మనుషుల్లో మధ్యమెదడులో ఉంటాయి. బొచ్చె వంటి అస్థి చేపల మధ్యమెదడులో అవి లేవు, ముందుమెదడుకూ మధ్యమెదడుకూ నడుమ ఉండే ద్వారగోర్ధంలోని కణసమూహం ముందుమెదడుకు డోపమైన్‌ను అందిస్తుంది. చేపల మెదడు హార్మోన్ ఐసోటోసిన్‌కూ, మనలో దానికి సాటి అయిన ఆక్సిటోసిన్‌కూ 9 అమైనో ఆమ్లాలలో తేడా కేవలం 2. అంటే 40 కోట్ల ఏళ్లకు పూర్వపు ఉమ్మడి పూర్వీకుల నుంచి అణువులు దాదాపుగా మారకుండా నిలిచాయి, వాటిని వాడే కణాల అమరిక మాత్రం మారింది. అందువల్ల పటంలో చేప మెదడును మన మెదడుకు కింది మెట్టుగా కాక, పక్క కొమ్మగా చూపాలి.