ఎక్కడి నుంచి వచ్చారంటే మారతహళ్లి అని చెప్పకండి

కర్ణాటకలో శివమొగ్గ వైపు మళ్ళీ కోతులు చచ్చిపడుతున్నాయని మొన్న వార్త. ఆ సాయంత్రమే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మనవాళ్ళు పదిహేను మంది సంక్రాంతి సెలవులకి ఆ వైపే ఉన్న కొడచాద్రి కొండకి బస్సు మాట్లాడుకుంటున్నారు. వెళ్ళొద్దనను, నేనూ వెళ్తాను. కానీ అక్కడివాళ్ళు ‘మంగన కాయిలె’ అనే కోతి జ్వరానికి సరిగ్గా ఇదే సీజన్. అడవిలో పిడుదు అనే రక్తం తాగే చిన్న పురుగు కుడితే వచ్చే వైరస్ జబ్బు ఇది. శీతాకాలంలో మొదలై మే దాకా ఉంటుంది. నిండు చేతుల చొక్కా, బూట్లు, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవడం మీకు తెలిసినవే. నేను చెప్పేది వేరే.

బెంగళూరులో ఒక ల్యాబులో వైరస్‌ల జన్యువులు చదవడం నా పని. తెలిసిన ఒంగోలు కుర్రాడొకడు శివమొగ్గ జిల్లా సాగర ఊరి దగ్గర హోమ్‌స్టేలో మూడు రోజులుండి వచ్చాడు. వారం తిరక్కముందే జ్వరం, నుదురు పగిలిపోయే తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులు. ఆస్పత్రిలో ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే బెంగళూరులో తానుండే పేట పేరు, ‘మారతహళ్లి’ అన్నాడు. పాపం, అబద్ధం కాదు. ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగీ పరీక్షలో ఏమీ లేదు, ‘వైరల్’ అని రాసి పంపేశారు. జ్వరం తగ్గింది, ఆఫీసుకీ వెళ్ళాడు. మూడో వారంలో మళ్ళీ జ్వరం తిరగబెట్టి చేతులు వణకడం, మాట తడబడటం మొదలైంది. అప్పుడు ఊరి నుంచి వచ్చిన వాళ్ళమ్మ చెప్పింది, ‘మావాడు అడివికెళ్ళొచ్చాడు డాక్టరుగారూ’ అని.

అప్పటికి రక్తంలో వైరస్ లేదు. యాంటీబాడీలను బట్టి జబ్బు పేరు తెలిసింది, అది ఏ అడవిదో తెలియలేదు. కుర్రాడు బతికాడు గానీ మళ్ళీ కీబోర్డు ముందు కూర్చోవడానికి నెలలు పట్టింది.

ఏ అడవిదైతే ఏమిటంటారా? ఈ వైరస్ జన్యుక్రమం సుమారు 11 వేల అక్షరాల పొడవు. నకలు తీసుకునే ప్రతిసారీ అక్కడక్కడ తప్పులు దొర్లుతాయి. పాత తాళపత్ర ప్రతుల్లో ఏ లేఖకుడి తప్పు ఎవరి ప్రతిలోకి పాకిందో చూసి, ఏది దేన్ని చూసి రాసిందో పండితులు తేల్చినట్టే మేమూ తేలుస్తాం. ఆ ప్రతుల చివర లేఖకుడు సంవత్సరమూ ఊరూ రాసేవాడు. మాకవి శాంపిల్‌తో వచ్చే కాగితంలో ఉండాలి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడ్డ జబ్బు చాలా ఏళ్ళు ఆ చుట్టుపక్కలే తిరిగింది. 2012లో బందీపూర్ కోతుల్లో కనిపించింది, తర్వాత తమిళనాడులో నీలగిరి, కేరళలో వయనాడ్, 2015లో గోవా, 2016లో మహారాష్ట్రలో సింధుదుర్గ్. కొత్తగా అక్కడికి పాకిందా, ఎప్పటి నుంచో ఉండి ఇప్పుడే కంటపడిందా? తేదీ, ఊరు లేకపోతే అక్షరాలు ఎన్ని చదివినా జవాబు రాదు. 1989లో చైనాలోని యునాన్‌లో తీసిన ఒక వైరస్ 1957 నాటి శివమొగ్గ వైరస్‌తో దాదాపు అచ్చంగా సరిపోయింది. అన్నేళ్ళు మారకుండా ఉండదు కదా, పాత వైరసే ల్యాబులో ఆ శాంపిల్‌లో కలిసిపోయిందేమోనని అనుమానించారు. అంటే తేదీ మీద మాకు అంత పట్టింపు. మీరు ‘మారతహళ్లి’ అని రాయిస్తే మేం గీసే వైరస్ వంశవృక్షంలో ట్రాఫిక్ జామ్ మధ్య ఒక కొమ్మ మొలుస్తుంది. అసలు అడవిలో ఎవరూ వెతకరు.

బయల్దేరే ముందు: టీకా ఉందనుకోకండి, పాతదాని వాడకం 2022లో ఆపేశారు. అక్కడి ఆరోగ్య కేంద్రాల్లో పిడుదుల్ని దగ్గరికి రానివ్వని డెపా నూనె ఇస్తారు, మొహమాటపడకుండా అడిగి ఒంటికి పట్టించుకోండి. ఏ రోజు ఏ తాలూకాలో ఏ దారిన నడిచారో ఫోన్‌లో రాసుకోండి. ఫొటోలున్నాయి కదా అనుకోవద్దు, జ్వరంలో వెతకలేరు.

అడవిలో: ఎండుటాకుల మీద కూర్చోవద్దు. కుట్టేది ఎక్కువగా పిల్ల పిడుదు, నువ్వుగింజకన్నా చిన్నది, ఆకుల్లోంచే పాకుతుంది. చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోవద్దు. ఒళ్ళు చల్లబడగానే పిడుదులు దాన్ని వదిలి చుట్టూ రాలతాయి. దూరం నుంచే ఆ చోటు గుర్తుపెట్టుకుని ఆరోగ్య కేంద్రానికో అటవీ సిబ్బందికో చెప్పండి. బతికున్న కోతుల్ని రాళ్ళతో కొట్టకండి, ఈ జబ్బుకి మనకన్నా ముందు చచ్చేవి అవే.

తిరిగొచ్చాక బట్టలు మంచం మీద పడేయకండి, వేడినీళ్ళలో నానబెట్టండి. చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక వెతకండి. పిడుదు కరుచుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయొద్దు. అగ్గిపుల్ల పెట్టొద్దు. గోళ్ళతో చిదమొద్దు. పరీక్ష చేయిద్దామని డబ్బాలో వేసుకుని బస్సెక్కొద్దు.

పది రోజుల్లోపు జ్వరం వస్తే అదే రోజు వెళ్ళండి, వీకెండ్ దాకా ఆగొద్దు. వైరస్ రక్తంలో దొరికేది మొదటి కొద్ది రోజులే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మింగొద్దు, రక్తస్రావం భయముంది. మనిషి నుంచి మనిషికి అంటదు, పీజీలో రూమ్మేట్‌ని గెంటేయకండి. డెంగీ లేదంటే ఏమీ లేదని కాదు. జ్వరం తగ్గినా మూడు వారాలు కనిపెట్టుకుని ఉండండి. అడగకపోయినా చెప్పండి: ఏ అడవి, ఏ తాలూకా, ఏ తేదీ. కౌంటర్లో చెప్పండి, నర్సుకి చెప్పండి, డాక్టరుకి చెప్పండి. ఫారంలో మీ ఫ్లాట్ అడ్రస్ ఒక్కటే రాసి సంతకం పెట్టకండి. గడి చాలకపోతే వెనక రాయండి. పిల్లల తరఫున మీరు రాయండి.

బస్సు డ్రైవర్ నంబరు దాచుకోండి. అతనికీ జ్వరం వస్తే ఎక్కడి నుంచి వచ్చావంటే తన పేట పేరే చెప్తాడు.