క్లబ్బు టేబుల్ టెన్నిస్ ర్యాంకింగ్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కొత్త ర్యాంకింగ్ జాబితా అంటించిన రోజు క్లబ్బులో ఆట కంటే దాని గురించిన వాదనలే ఎక్కువగా సాగుతాయి. ఫలితాల పుస్తకం చూసుకునే బాధ్యత కొన్నేళ్లుగా నాదే. వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం లెక్క తప్పడం కాదనీ, ఆ లెక్క దేన్ని కొలుస్తుందో ఆటగాళ్లకు ఎవరూ వివరించకపోవడమేననీ నా అనుభవం.

సమస్య: నాలుగింటిలో మూడు మ్యాచ్‌లు గెలిచినా రేటింగ్ (ఆట స్థాయిని చూపే అంకె) తగ్గింది.

కారణం: చాలా రేటింగ్ పద్ధతులకు మూలం ఆర్పాడ్ ఎలో చదరంగం కోసం రూపొందించిన విధానం, అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దానిని 1970లో స్వీకరించింది. ఈ విధానం గెలుపులను ఊరికే లెక్కపెట్టదు. ఇద్దరి రేటింగుల తేడాను బట్టి ఎవరు ఎన్నిసార్లు గెలవాలో ముందుగా అంచనా వేసి, వచ్చిన ఫలితాన్ని దానితో పోల్చి చూస్తుంది. తేడా 200 ఉంటే పై ఆటగాడు నూటికి 76 సార్లు, 300 ఉంటే 85 సార్లు గెలవాలని దాని అంచనా. ఒక్క మ్యాచ్‌కు గరిష్ఠంగా 24 పాయింట్లు మారే క్లబ్బులో, 1400 రేటింగ్ గల ఆటగాడు 1100 రేటింగ్ గలవారితో నాలుగు మ్యాచ్‌లు ఆడి మూడు గెలిచాడనుకుందాం. ఒక్కో గెలుపుకు 3.6 చొప్పున మొత్తం 11 పాయింట్ల లోపే వస్తాయి, ఉన్న ఒక్క ఓటమికి 20కి పైగా పోతాయి. అంటే మూడు గెలుపుల తరువాత కూడా సుమారు తొమ్మిదిన్నర పాయింట్ల నష్టం మిగులుతుంది.

పరిష్కారం: జాబితాలో కొత్త రేటింగ్ ఒక్కటే కాకుండా పాత రేటింగ్, ప్రతి ప్రత్యర్థి రేటింగ్, ఆ మ్యాచ్‌లో వచ్చిన లేదా పోయిన పాయింట్లు కూడా వరుసగా రాయాలి. మా దగ్గర అలా రాయడం మొదలుపెట్టాక ఈ ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది. 3-0 గెలుపుకూ 3-2 గెలుపుకూ ఒకే విలువ ఇవ్వడం కూడా కొందరికి నచ్చదు కానీ, నా దృష్టిలో అదే న్యాయం. రెండు గేములు ముందున్నప్పుడు కొత్త సర్వీసు ప్రయత్నించిన ఆటగాడిని లెక్క శిక్షించకూడదు.

సమస్య: కొత్త సభ్యుని చేతిలో ఓడినవారందరి రేటింగూ ఒక్కసారిగా పడిపోయింది.

కారణం: చేరిన రోజు ఆ వ్యక్తికి ఇచ్చిన రేటింగ్ అతని అసలు స్థాయి కంటే చాలా తక్కువ. అమెరికా టేబుల్ టెన్నిస్ సంఘం పట్టికలో తేడా 238 గానీ అంతకు మించి గానీ ఉంటే, పై ఆటగాడు గెలిచినా ఏమీ రాదు, ఓడితే 50 పాయింట్లు పోతాయి. అటువంటి పట్టిక వాడే చోట, మొదటి రోజు వేసిన ఒక్క తప్పుడు అంచనా మూల్యాన్ని ఏ తప్పూ చేయని నలుగురైదుగురు చెల్లిస్తారు.

పరిష్కారం: మొదటి పది పదిహేను మ్యాచ్‌ల వరకు కొత్తవారి రేటింగును తాత్కాలికంగా పరిగణించి, దానిని వేగంగా మారనివ్వాలి. ముందు వారి రేటింగును ఆ మ్యాచ్‌ల ఫలితాలను బట్టి సవరించి, ప్రత్యర్థుల లాభనష్టాలను ఆ సవరించిన అంకెతోనే లెక్కించాలి. వేగంగా ఎదుగుతున్న పిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం, లేకపోతే పెద్దల రేటింగులు ఏటా కొద్దికొద్దిగా కరిగిపోతాయి.

సమస్య: అందరూ అందరితో ఆడే రౌండ్ రాబిన్‌లో ముగ్గురూ సమానంగా నిలిచారు, మొదటి స్థానం ఎవరిదో తేలలేదు.

కారణం: చాలామంది గేముల తేడా చూస్తారు, నియమం మాత్రం నిష్పత్తి చూడమంటుంది. ఆ ముగ్గురిలో మొదటివారు రెండోవారిపై 3-0తో, రెండోవారు మూడోవారిపై 3-2తో, మూడోవారు మొదటివారిపై 3-1తో గెలిచారనుకోండి. గెలిచిన, ఓడిన గేములు వరుసగా 4-3, 3-5, 5-4 అవుతాయి. తేడా చూస్తే మొదటివారికీ మూడోవారికీ ఒక్కటే ఆధిక్యం. నిష్పత్తి చూస్తే 1.33 ఉన్న మొదటివారు 1.25 ఉన్న మూడోవారి కంటే పైన ఉంటారు.

పరిష్కారం: సమానమైనవారి మధ్య జరిగిన మ్యాచ్‌లను మాత్రమే తీసుకుని, ముందు మ్యాచ్ పాయింట్లు (మ్యాచ్ గెలుపోటములకు ఇచ్చేవి), తరువాత గేముల నిష్పత్తి, అదీ సమానమైతే గేముల్లో వచ్చిన, పోయిన పాయింట్ల నిష్పత్తి చూడాలి.

సమస్య: కిందివారు పైవారిని సవాలు చేసి స్థానం గెలుచుకునే లాడర్‌లో పై స్థానాలు నెలల తరబడి కదలడం లేదు.

కారణం, పరిష్కారం: పైవారు ఆడకపోయినా వారి స్థానానికి ముప్పు లేదు. రెండు మూడు మెట్ల లోపు నుంచి వచ్చిన సవాలును రెండు వారాల్లో స్వీకరించని వారు ఓడినట్టే అనే నియమం పెట్టి, దానిని కచ్చితంగా అమలు చేయాలి.

సమస్య: నా కంటే తక్కువ రేటింగ్ ఉన్న ఒకే ఒక్క వ్యక్తి చేతిలో ప్రతిసారీ ఓడిపోతున్నాను.

కారణం: ఇది జాబితా లోపం కాదు. ఒక్క అంకెలో ఆటతీరు ఇమడదు. ఎదుటివారి బ్యాటుకు లాంగ్ పింపుల్స్ రబ్బరు (పొడవైన బుడిపెలు ఉన్నది) ఉంటే, మీరు బలంగా కొట్టిన టాప్‌స్పిన్ (ముందుకు తిరిగే బంతి) బ్యాక్‌స్పిన్‌గా (వెనక్కు తిరిగేదిగా) మారి తిరిగి వస్తుంది. దానిని మళ్లీ మునుపటిలాగే కొడితే బంతి నెట్‌కు తగిలి ఆగిపోతుంది.

పరిష్కారం: తిరిగి వచ్చిన ఆ బంతికి బ్యాటు ముఖాన్ని కాస్త తెరిచి, కింది నుంచి పైకి ఎత్తాలి. మ్యాచ్ రోజున కాక మామూలు సాధన రోజుల్లో ఆ వ్యక్తినే అడిగి, రోజూ పది నిమిషాలు ఈ ఒక్క బంతినే ఆడండి.