మెటాలిక్ పెయింట్ షేడ్ ఎలా కలపాలి? ఒక్క డోర్ వేసినా తేడా తెలియకూడదంటే

సిల్వర్ కారుకి ఒక డోర్ పెయింట్ చేయించుకుని షెడ్డు బయటికి తీసుకొస్తే, ఎండలో ఆ ఒక్క డోరే వేరే బండిది తెచ్చి బిగించినట్టు కనబడుతుంది. అడిగితే "మెటాలిక్ అంటే అంతే సార్, కొంచెం తేడా వస్తుంది" అంటారు. రాదండీ. సరిగ్గా చేస్తే రాదు. డబ్బాలో ఏ రంగు ఉందన్నది ఇందులో చిన్న భాగమే. ఆ రంగు రేకు మీద ఎలా పడింది, దాన్ని ఎక్కడ ఆపారు అన్నదే అసలు పని. ఈ రెండూ వదిలేసి డబ్బాని తిడుతూ కూర్చుంటే ఎన్ని డబ్బాలు మార్చినా ఫలితం అదే.

మనకి రోజూ దొరికే కేసునే తీసుకుందాం. మారుతి సిల్కీ సిల్వర్, కోడ్ జెడ్2ఎస్, ఎడమవైపు ముందు డోర్‌కి సొట్ట. సిల్వర్ వచ్చిన చేతికి గ్రే, బ్లూ, బ్రౌన్ మెటాలిక్‌లు పెద్ద కష్టం కావు. మూడు పొరల పెర్ల్ వైట్ లెక్క వేరు, అది ఇక్కడ కలపను.

సామాను

1.3 నాజిల్ గ్రావిటీ గన్ (1.5తో వేసే మెటాలిక్ నాకు నచ్చదు, వేయొద్దు), వాటర్ సెపరేటర్ ఉన్న కంప్రెసర్, గ్రాముల కాటా, పెయింట్ వడపోత, సర్ఫేసర్ (రంగు కింద వేసే ప్రైమర్), బేస్ కోట్ (అసలు రంగు పొర), అదే కంపెనీ థిన్నర్, రంగులేని బ్లెండర్, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత), హార్డ్‌నర్, ట్యాక్ క్లాత్ (దుమ్ము తీసే జిగట గుడ్డ), వాటర్ పేపర్లు, గ్రే స్కాచ్‌బ్రైట్, మాస్కింగ్ టేపు, రంగు ముందుగా వేసి చూసుకోవడానికి నాలుగైదు రేకు కార్డులు. కార్డులు లేకపోతే పని మొదలుపెట్టకండి. ఇంకో మాట, క్లియర్‌లో కలిపే హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చాలా చెడ్డవి. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటే అవి ఆగవు. కనీసం కార్ట్రిడ్జ్ మాస్క్ ఉండాలి, బయటి గాలి అందించే మాస్క్ దొరికితే అదే పెట్టుకోండి. కుర్రాళ్ల చేత మాస్క్ లేకుండా క్లియర్ కొట్టించే షెడ్డు ఎంత పేరున్నదైనా మంచి షెడ్డు కాదు.

డెంటింగ్, పుట్టీ, ప్రైమర్

సొట్ట తీయండి, పుట్టీ పెట్టండి, 80, 180, 320 పేపర్లతో లెవెల్ చేయండి, సర్ఫేసర్ కొట్టి ఆరాక 800తో తడి రబ్బింగ్ చేయండి. ఇది అందరికీ వచ్చిన పనే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, సర్ఫేసర్ ప్యానెల్ అంతా ఒకే గ్రేలో ఉండాలి. సిల్వర్ పలచగా పడినచోట కింద రంగు బయటపడొచ్చు. ఒకచోట తెల్ల ప్రైమర్, ఒకచోట పాత పెయింట్, మధ్యలో పుట్టీ కనబడుతూ ఉంటే పైన కోట్లు సరిపడా పడకపోతే ఆ మచ్చలు ఎండలో బయటపడతాయి.

రంగు తెచ్చుకోవడం

కోడ్ బండి మీదే ఉంటుంది, డోర్ పిల్లర్ దగ్గర స్టిక్కర్ మీదో బానెట్ కింద ప్లేటు మీదో వెతకండి. మిక్సింగ్ షాపుకి వెళ్లి కోడ్ చెప్పి డబ్బా పట్టుకుని వచ్చేయకండి. ఒకే కోడ్‌కి వేరియంట్లు ఉంటాయి, ఎందుకంటే ఫ్యాక్టరీలోనే బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ కొంచెం తేడా వస్తుంది. కొంచెం నీలం వైపు, కొంచెం పసుపు వైపు, మెరుపు గింజ కాస్త ముతకగా, ఇలా. షాపులో ఆ వేరియంట్ల చిప్స్ ఉంటాయి, అడిగి బండి దగ్గర పెట్టి చూడండి. పెట్రోల్ మూత ఊడదీసి షాపుకి పట్టుకెళ్లేవాళ్లున్నారు, ఏమీ లేకపోవడం కంటే మేలే, కానీ మీకు కావాల్సింది పెట్రోల్ మూత షేడ్ కాదు, డోర్‌కి అటూఇటూ ఉన్న ఫెండర్, వెనక డోర్ షేడ్. వాటిలో ఒకటి ఇంతకుముందే ఎక్కడో రీపెయింట్ అయి ఉండొచ్చు కూడా. బంపర్‌ని అసలు ప్రమాణంగా తీసుకోకండి, ప్లాస్టిక్ బంపర్‌కి బాడీతో కాకుండా విడిగా రంగు వేయడం మామూలే, కొత్త బండిలోనే కాస్త తేడా కనబడుతుంది.

షేడ్ చూసే ముందు ఫెండర్ మీద అరచేయంత భాగం కంపౌండ్‌తో పాలిష్ చేయండి. ఐదారేళ్లు ఎండలో నిలబడ్డ క్లియర్ మీద మట్టి, మసక ఉంటాయి. ఆ మసకకి రంగు కలిపితే రేపు ఓనర్ బండి పాలిష్ చేయించిన రోజు తేడా బయటపడుతుంది.

కార్డు

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి.

మెటాలిక్ బేస్‌లో మెరిసేవి సన్నటి అల్యూమినియం రేకులు. అవి ఎలా పడుకున్నాయన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. గన్ నుంచి పెయింట్ పొడిగా పడితే అవి పైపైనే, చేప పొలుసుల్లా బల్లపరుపుగా నిలుస్తాయి, వెలుగుని నేరుగా కంటికి కొడతాయి, రంగు లైట్‌గా కనబడుతుంది. తడిగా పడితే లోపలికి కూరుకుపోయి ఎటు పడితే అటు తిరుగుతాయి, ఎదురుగా చూస్తే డార్క్‌గా, పక్కనుంచి చూస్తే లైట్‌గా ఉంటుంది. ఒకే డబ్బా, ఒకే గన్, ఇద్దరు పెయింటర్లు వేస్తే రెండు సిల్వర్లు వస్తాయి. అందుకే కర్రపుల్ల రంగులో ముంచి డోర్ పక్కన పెట్టి "సరిపోయింది" అనేవాళ్ల మాట నమ్మొద్దు. పుల్ల మీద రేకులు పడుకున్న తీరు వేరు, గన్‌తో పడుకునే తీరు వేరు. పైగా క్లియర్ పడగానే బేస్ మళ్లీ మారుతుంది.

డబ్బా మూత తీసి అడుగు నుంచి గీకి బాగా కలపండి. రేకులు బరువు, అడుక్కి దిగిపోతాయి. గన్ కప్పులో పోసి టీ తాగి వచ్చినా దిగుతాయి, అప్పుడు మళ్లీ ఊపాలి. థిన్నర్ డబ్బా మీద రాసిన నిష్పత్తిలో కాటా మీదే కలపండి, కంటితో కాదు. గ్రే సర్ఫేసర్ వేసిన కార్డు తీసుకుని డోర్ మీద ఎలా వేస్తారో అచ్చం అలాగే వేయండి. అదే గన్, అదే ప్రెషర్, అదే దూరం, అన్నే కోట్లు, చివర్లో మంచులా పలచగా వేసే డ్రాప్ కోట్‌తో సహా. ఆరాక కార్డు మొత్తానికి క్లియర్ కొట్టండి. క్లియర్ ఆరేదాకా ఆగండి.

ఆరిన కార్డుని పాలిష్ చేసిన ఫెండర్‌కి ఆనించి, అది నిలబడ్డ కోణంలోనే పెట్టి చూడండి. చేతిలో పడుకోబెట్టి చూస్తే అబద్ధం చెబుతుంది. ఎదురుగా నిలబడి ఒకసారి, పక్కకి జరిగి ఏటవాలుగా ఒకసారి, నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి. ట్యూబ్‌లైట్ కింద షేడ్ చూడటం పనికిరాదు, లైటు మారితే రంగూ మారుతుంది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య చూడండి, సాయంత్రం ఎండ పసుపుగా ఉంటుంది, ఆ టైములో ఓకే చేసిన షేడ్ మర్నాడు పొద్దున మోసం చేస్తుంది.

తేడా ఉంటే వెంటనే టింటర్ (షేడ్ మార్చడానికి కలిపే రంగు) సీసా అందుకోకండి. ముందు గన్‌తో సరిచేయండి. కార్డు ఎదురుగా డార్క్‌గా ఉంటే కాస్త పొడిగా వేయండి: గన్ కొంచెం దూరం, ప్రెషర్ కొంచెం ఎక్కువ, పెయింట్ కొంచెం తక్కువ, కోటుకీ కోటుకీ మధ్య ఎక్కువ సేపు ఆరనివ్వడం. లైట్‌గా ఉంటే ఇదంతా తలకిందులు. థిన్నర్ కూడా ఇందులో భాగమే. మే నెలలో విజయవాడ ఆటోనగర్‌లో నలభై దాటిన వేడిలో ఫాస్ట్ థిన్నర్ వాడితే పెయింట్ గన్ నుంచి రేకు మీద పడేలోపే సగం ఆరిపోతుంది, షేడ్ తెల్లబడుతుంది, అక్కడ స్లో థిన్నరే వాడాలి. వానాకాలంలో విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమకి ఫాస్ట్ థిన్నర్ వాడితే పెయింట్ పాలపొంగు పట్టి మసకబారుతుంది. జనవరిలో ఓకే అయిన కార్డు చూసి మేలో డోర్ వేయకండి.

గన్‌తో దారికి రాకపోతే అప్పుడు టింటర్లు, అదీ ఆ ఫార్ములాలో ఉన్నవాటితోనే, చుక్క చుక్కగా, కాటా మీద రాసుకుంటూ. మన దగ్గర పెద్ద అలవాటు ఏంటంటే డార్క్‌గా ఉందని తెలుపు పోసేయడం. సిల్వర్‌లో తెలుపు పోస్తే పక్కనుంచి చూసినప్పుడు లైట్ అవుతుంది కానీ ఎదురుగా మెరుపు చచ్చిపోయి ఇంకా మందంగా కనబడుతుంది. దాన్ని సరిచేయడానికి ముతక సిల్వర్ పోస్తారు, అది మళ్లీ పక్క చూపుని డార్క్ చేస్తుంది, సాయంత్రానికి అర లీటరు కాస్తా రెండు లీటర్లవుతుంది, షేడ్ మాత్రం దొరకదు. తేడా పెద్దదైతే వేరే వేరియంట్ తెచ్చుకోండి. చిన్నదైతే అక్కడితో ఆపేయండి, ఎందుకంటే మిగతాది బ్లెండింగ్ చూసుకుంటుంది.

బ్లెండింగ్

డోర్ అంచు దగ్గర టేపు వేసి డోర్ వరకే రంగు కొట్టి ఆపకండి. కార్డు ఎంత బాగా కుదిరినా సరే. కన్ను రెండు షేడ్లని అంచు దగ్గరే పోలుస్తుంది, అంచులో తేడా లేకుండా మెల్లగా మారిపోతే చిన్న తేడాని పట్టుకోలేదు. అందుకని రంగు ఫెండర్ మీదికీ వెనక డోర్ మీదికీ పొగలా పలచబడుతూ వెళ్లాలి, క్లియర్ మాత్రం ఆ మూడు ప్యానెళ్లకీ చివరి నుంచి చివరిదాకా పడాలి.

హ్యాండిళ్లు, బీడింగులు విప్పేయండి, వాటి చుట్టూ టేపు వేయడం బద్ధకం. పక్క ప్యానెళ్లని వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచి 1000 పేపర్, గ్రే స్కాచ్‌బ్రైట్‌తో మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దండి. ఇక్కడ 600 వాడితే పని చెడినట్టే, రేకులు ఆ గీతల్లో దూరి వరసగా నిలబడతాయి, క్లియర్ పడ్డాక గీతలన్నీ మెరుస్తూ కనబడతాయి.

ముందుగా రంగు పలచబడబోయే చోట రంగులేని బ్లెండర్ తడిగా ఒక కోటు వేయండి. మన షెడ్డుల్లో నూటికి తొంభై మంది వదిలేసేది దీన్నే. తడి లేని చోట అంచు మరీ పొడిగా, దుమ్ములా పడుతుంది, రేకులు పడుకోలేక నిలువుగా నిలబడి ఫెండర్ మీద ఒక గరుకు చార వస్తుంది, "బ్లెండింగ్ చేశాను కానీ మచ్చ వచ్చింది" అనేవాళ్ల మచ్చ అదే.

ఇప్పుడు బేస్. మొదటి కోటు డోర్ వరకే. అది మెరుపు పోయి మ్యాట్‌గా మారేదాకా ఆగండి. రెండో కోటు డోర్ దాటి ఫెండర్ మీదికి నాలుగైదు అంగుళాలు. అవసరమైతే మూడో కోటు ఇంకాస్త ముందుకి. ప్రతిసారీ అంచు దగ్గర గన్‌ని బయటికి విసురుతూ ట్రిగ్గర్ మెల్లగా వదలాలి, టక్కున ఆపకూడదు. కోటుకీ కోటుకీ మధ్య అంచులో పడిన పొడిని ట్యాక్ క్లాత్‌తో తేలిగ్గా, నొక్కకుండా తుడవండి. గన్ పోయినచోటల్లా ముందటి వరసని సగానికి పైగా కప్పుతూ పోవాలి, లేకపోతే అడ్డంగా చారలు వస్తాయి. రంగు ఫెండర్ అవతలి అంచుకి చేరకూడదు, చేరితే అక్కడ బానెట్‌తో కొత్త తేడా మొదలవుతుంది.

చివరగా డ్రాప్ కోట్. ఆఖరి కోటు కాస్త దిగి ఇంకా పూర్తిగా ఆరకముందే, గన్ ఒక అడుగు దూరం పెట్టి, ప్రెషర్ తగ్గించి, డోర్ మొత్తం మీదా పలచబడిన భాగం మీదా మంచులా ఒక్కసారి వేయండి. రేకులన్నీ ఒక తీరుకి వస్తాయి, మరకలు మరకలుగా ఉన్నవి పోతాయి. పూర్తిగా ఆరాక వేస్తే గరుకుగా మిగిలిపోతుంది, మరీ తడి మీద వేస్తే మునిగిపోతుంది. డోర్ విప్పి వేస్తున్నా పడుకోబెట్టకండి, బండి మీద ఉన్నట్టే నిలబెట్టి వేయండి.

ఇదంతా చూసి ఓనర్ "బాగున్న ఫెండర్‌ని ఎందుకు ముట్టుకున్నారు?" అని గొడవ పడతాడు. ముందే చెప్పండి, ఎస్టిమేట్‌లో రాయండి, ఇన్సూరెన్స్ పని అయితే సర్వేయర్‌కి కూడా పని మొదలవకముందే చెప్పండి. డోర్ ఒక్కటే వేయించుకోవాలని పట్టుబడితే తేడా వస్తుందని ఒప్పించి మరీ మొదలుపెట్టండి. డబ్బు మిగులుతుందని అదే ఒక్క డోర్‌ని మూడుసార్లు వేయించుకున్నవాళ్లు నాకు తెలుసు.

క్లియర్

బేస్ పూర్తిగా మ్యాట్ అయ్యాక, హార్డ్‌నర్ కొలిచి కలిపి రెండు కోట్లు. క్లియర్‌ని ఫెండర్ మధ్యలో ఆపి థిన్నర్‌తో కరిగించే షార్ట్‌కట్ చేయకండి, కొన్నాళ్లకి ఎండకి ఆ అంచే పొట్టులా లేస్తుంది. దుమ్ము పడితే ఆరాక 2000తో తీసి పాలిష్ చేయండి. ఒక నెల వ్యాక్స్ వద్దని ఓనర్‌కి చెప్పండి.

ఓకే అయిన కార్డుని పారేయకండి. వెనక మార్కర్‌తో కోడ్, వేరియంట్, ఏ థిన్నర్, ఎంత ప్రెషర్, ఎన్ని కోట్లు, ఏ నెల అన్నీ రాసి చిల్లు పెట్టి మేకుకి తగిలించండి. జెడ్2ఎస్ బండి మళ్లీ వస్తుంది, అప్పుడు పని ఆ కార్డు దగ్గర నుంచి మొదలుపెట్టొచ్చు.